స్థానం, క్రమం: బెంజీన్ వలయం నుంచి నొప్పి మాత్ర దాకా

నొప్పిని తగ్గించే మాత్ర ఎలా తయారవుతుంది, ఆ తయారీలో బెంజీన్ అనే పదార్థం చేసే పని ఏమిటి అన్నది ఈనాటి ప్రసంగ విషయం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కళాశాలల్లో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థులకు బెంజీన్ ప్రతిక్షేపణ చర్యలు పరీక్షలో వచ్చే ఒక ప్రశ్నగానే పరిచయమై ఉండవచ్చు. కాని ఇంట్లో మందుల డబ్బాలో ఉండే మాత్ర వెనక ఉన్నది కూడా ఆ పాఠమే. ఈ ప్రసంగం మొత్తానికి ఆధారమైన విషయం ఒక్కటే. మందు గుణం అందులో ఏ పరమాణువులు ఉన్నాయన్న దానితో తేలిపోదు. అవి ఏ స్థానంలో, ఏ క్రమంలో వచ్చి చేరాయన్నది తెలిస్తేనే తేలుతుంది. స్థానం, క్రమం. ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు, తక్కినదంతా వాటికి వివరణే.

మదనపల్లె టమోటా మార్కెట్‌లో క్రేట్లు ఎత్తి లారీల్లోకి చేర్చే హమాలీలకు, నీరుగట్టువారిపల్లెలో రోజంతా మగ్గం ముందు కూర్చుని పట్టుచీర నేసేవారికి, కుప్పం పరిసరాల్లో గ్రానైట్ రాయి కోసేవారికి, కుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లి చీకటి పడ్డాక తిరిగి వచ్చేవారికి నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి కొత్తవి కావు. అలాంటి నొప్పికి మందుల దుకాణంలో చాలామంది పేరు పెట్టి అడిగే మాత్ర బ్రూఫెన్. అందులో ఉన్న మందు పేరు ఐబూప్రోఫెన్. దాని అణువుకు నడిబొడ్డున ఉన్నది బెంజీన్ వలయం.

బెంజీన్‌ను 1825లో లండన్‌లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆ రోజుల్లో దీపాలు వెలిగించడానికి నూనె నుంచి తీసిన వాయువును డబ్బాల్లో కుదించి నింపేవారు. ఆ డబ్బాల అడుగున మిగిలిన ద్రవం నుంచి ఆయన దీన్ని వేరుచేశాడు. అందులో ఆరు కార్బన్ పరమాణువులు, ఆరు హైడ్రోజన్ పరమాణువులు ఉన్నాయని తేలింది గాని, అవి ఎలా అమరి ఉన్నాయన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉండిపోయింది. 1865లో జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ కెకూలే ఆ ఆరు కార్బన్లూ గుండ్రంగా, ఒకదానికొకటి కలిసి, వలయంగా ఉన్నాయని ప్రతిపాదించాడు.

రేడియోలో బొమ్మ గీసి చూపడం కుదరదు కాబట్టి, శ్రోతలు ఆ వలయాన్ని మనసులో ఇలా ఊహించుకోవచ్చు. రాయలసీమ పల్లెల్లో చెక్కభజన ఆడేవారు గుండ్రంగా నిలబడతారు. అలా ఆరుగురు ఆటగాళ్లు నిలబడ్డారనుకుంటే, ఒక్కొక్క ఆటగాడు ఒక కార్బన్, అతని భుజం మీది కండువా ఒక హైడ్రోజన్. ఆటలో అడుగు, తాళం ఆరుగురికీ ఉమ్మడి. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. బెంజీన్‌లో కూడా ఆరు ఎలక్ట్రాన్లు ఏ రెండు కార్బన్ల మధ్యా బందీగా ఉండక, వలయమంతటికీ ఉమ్మడిగా ఉంటాయి. బెంజీన్‌కు ఉన్న స్థిరత్వమంతా ఆ ఉమ్మడితనం వల్ల వచ్చినదే.

ఇక్కడే ప్రతిక్షేపణ చర్య అంటే ఏమిటో తెలుస్తుంది. ఇథిలీన్ వంటి మామూలు పదార్థాల్లో రెండు కార్బన్ల మధ్య జంట బంధం ఉంటే, కొత్త పరమాణువులు వచ్చి దాన్ని తెరిచి అక్కడే చేరిపోతాయి. దాన్ని సంకలన చర్య అంటారు. బెంజీన్ మామూలు పరిస్థితుల్లో సంకలనానికి లొంగదు. లొంగితే వలయంలోని ఉమ్మడి ఎలక్ట్రాన్ల అమరిక చెడిపోతుంది, అంటే ఆట ఆగిపోతుంది. ఆ వలయం ఒప్పుకొనేది ఒక్కటే: ఒక ఆటగాడి భుజం మీది కండువా తీసి, దాని స్థానంలో మరొకటి పెట్టడం. ఒక హైడ్రోజన్ వెళ్లిపోతుంది, దాని స్థానంలో మరొక సమూహం వస్తుంది, వలయం మాత్రం చెక్కుచెదరదు. ఒకటి పోయి దాని స్థానంలో మరొకటి రావడమే ప్రతిక్షేపణ.

అలా రావలసిన సమూహం దానంతట అది రాదు. వలయంలో ఎలక్ట్రాన్లు సమృద్ధిగా ఉన్నాయి కాబట్టి, ఎలక్ట్రాన్ల కొరతతో వాటిని వెతుక్కుంటూ వచ్చే కణమే అక్కడ చేరగలదు. అటువంటి కణాన్ని ఎలక్ట్రోఫైల్ అంటారు. దాన్ని పుట్టించడానికి ఉత్ప్రేరకం కావాలి. 1877లో పారిస్‌లో చార్లెస్ ఫ్రీడెల్, జేమ్స్ క్రాఫ్ట్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అల్యూమినియం క్లోరైడ్ ఆ పని చేస్తుందని, దాని సాయంతో బెంజీన్ వలయానికి కార్బన్ గొలుసులను అతికించవచ్చునని చూపించారు. నేటికీ ఆ చర్య వారిద్దరి పేరుతోనే చలామణి అవుతోంది.

మొదటి సమూహం చేరేటప్పుడు ఆరు స్థానాలూ సమానమే, ఎక్కడ చేరినా ఒక్కటే. రెండో సమూహం వచ్చేటప్పుడే స్థానం ప్రశ్న మొదలవుతుంది. మొదటిదానికి పక్కనే ఉన్న స్థానాన్ని ఆర్థో అంటారు. ఒకటి వదిలి మరొకటైతే మెటా. సరిగ్గా ఎదురుగా ఉన్నదైతే పారా. రెండో సమూహం ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించేది ముందుగా వచ్చి కూర్చున్న సమూహమే. వలయానికి ఎలక్ట్రాన్లను అందించే సమూహం ముందుగా ఉంటే, కొత్తది ఆర్థో, పారా స్థానాలకు వెళుతుంది. ఎలక్ట్రాన్లను లాక్కొనే సమూహం ముందుగా ఉంటే, కొత్తది మెటాకు వెళుతుంది, అదీ అయిష్టంగానే. మరొకసారి చెప్పుకుంటే, ముందు వచ్చినదే తర్వాత వచ్చేదానికి స్థానం చూపిస్తుంది. అందుకే స్థానంతో పాటు క్రమమూ ముఖ్యమైంది.

ఈ రెండు సూత్రాలూ ఐబూప్రోఫెన్‌లో ఎలా పనిచేస్తాయో ఇప్పుడు చూడవచ్చు. ఆ మందును ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో బూట్స్ కంపెనీ శాస్త్రవేత్త స్టీవర్ట్ ఆడమ్స్, ఆయన సహచరుడు, రసాయన శాస్త్రవేత్త జాన్ నికల్సన్ రూపొందించారు. కీళ్లవాతంతో బాధపడేవారు ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ మింగి కడుపు పాడుచేసుకోవడం చూసి, అంతకన్నా భరించదగిన మందు కోసం 1950ల నుంచి వారు వందలాది పదార్థాలను తయారుచేసి పరీక్షించారు. 1969లో ఐబూప్రోఫెన్ బ్రిటన్‌లో వైద్యుల చీటీ మీద దొరికే మందుగా విడుదలైంది.

దాని అణువులో బెంజీన్ వలయానికి ఒక వైపు నాలుగు కార్బన్ల ఐసోబ్యూటైల్ సమూహం, సరిగ్గా దానికి ఎదురుగా, అంటే పారా స్థానంలో, ఆమ్ల గుణం ఉన్న మరో సమూహం ఉంటాయి. చూడడానికి పని సులువుగానే కనిపిస్తుంది: ఐసోబ్యూటైల్ సమూహాన్ని ముందు తెచ్చి వలయానికి అతికించి, తర్వాత రెండోదాన్ని ఎదురుగా చేర్చాలి. కాని మొదటి మెట్టులోనే ఒక చిక్కు ఉంది. ఐసోబ్యూటైల్ క్లోరైడ్‌ను అల్యూమినియం క్లోరైడ్‌తో కలిపి నేరుగా బెంజీన్ మీదికి పంపితే, దారిలోనే ఆ నాలుగు కార్బన్లు తమలో తాము సర్దుకుని, మరింత స్థిరమైన టెర్షియరీ బ్యూటైల్ రూపంలోకి మారిపోతాయి. వలయానికి చేరేది అప్పుడు కోరుకున్న సమూహం కాదు. కార్బన్ల సంఖ్య అదే, హైడ్రోజన్ల సంఖ్య అదే, అమరిక మాత్రం వేరు. పైగా అలా చేరిన గొలుసు వలయానికి ఎలక్ట్రాన్లు అందించి దాన్ని మరింత చురుకుగా చేస్తుంది కాబట్టి, ఒకటి చేరగానే రెండోది, మూడోది కూడా వచ్చి చేరతాయి.

దీనికి ప్రయోగశాలలో ఒక అందమైన ఉపాయం ఉంది. గొలుసును నేరుగా పంపకుండా, దాని చివర ఒక ఆక్సిజన్ ఉన్న రూపంలో, అంటే ఎసైల్ సమూహంగా పంపుతారు. ఆ ఆక్సిజన్ వల్ల గొలుసు దారిలో రూపం మార్చుకోదు. వలయానికి చేరిన తర్వాత అదే ఆక్సిజన్ వలయం ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుని దాని చురుకును తగ్గిస్తుంది కాబట్టి, రెండో సమూహం రాకుండా చర్య ఒక్కదానితో ఆగిపోతుంది. పని పూర్తయ్యాక క్షయకరణం అనే చర్యతో ఆ ఆక్సిజన్‌ను తీసివేస్తే, వలయానికి అచ్చమైన ఐసోబ్యూటైల్ సమూహం మిగులుతుంది. కర్మాగారాల్లో మాత్రం ఈ ఐసోబ్యూటైల్ బెంజీన్‌ను టోలీన్, ప్రొపిలీన్ అనే పెట్రో రసాయనాల నుంచి చవకగా చేస్తారు. టోలీన్ కూడా బెంజీన్ వలయమే, దానికి ఒక కార్బన్ ముందే చేరి ఉంటుంది.

ఇక రెండో మెట్టు. అల్యూమినియం క్లోరైడ్ పద్ధతిలో ఐసోబ్యూటైల్ బెంజీన్‌ను రియాక్టర్‌లోకి తీసుకుని, చల్లగా ఉంచి, రెండు కార్బన్ల ఎసిటైల్ సమూహాన్ని కొద్దికొద్దిగా చేరుస్తారు. అల్యూమినియం క్లోరైడ్ తేమ తగిలితే చాలు, ఘాటైన ఆమ్లపు పొగలు చిమ్మే పదార్థం కాబట్టి, రియాక్టర్‌లో నీటి చుక్క ఉండకూడదు. చర్య వేడిని పుట్టిస్తుంది కాబట్టి, తొందరపడి ఒక్కసారిగా పోయకూడదు. ఐసోబ్యూటైల్ సమూహం ఎలక్ట్రాన్లను అందించేది కనుక కొత్త సమూహానికి ఆర్థో, పారా స్థానాలు రెండూ తెరిచే ఉంటాయి. కాని ఒక ఆటగాడి భుజాన పెద్ద మూట ఉంటే అతని పక్కన నిలబడేవారికి చోటు ఇరుకైనట్టే, పెద్దదైన ఐసోబ్యూటైల్ సమూహం పక్కన ఎసిటైల్‌కు చోటు చాలదు. అందువల్ల అది అత్యధిక భాగం ఎదురుగా, పారా స్థానంలోనే చేరుతుంది. తర్వాత రియాక్టర్‌లోని మిశ్రమాన్ని మంచునీటిలోకి వదిలితే అల్యూమినియం నీటిలోకి వెళ్లిపోతుంది, కావలసిన పదార్థం నూనెలా పైకి తేలుతుంది.

క్రమాన్ని తిరగేసి ఎసిటైల్‌ను ముందు చేర్చి ఉంటే ఏమయ్యేది? అది ఎలక్ట్రాన్లను లాక్కొనే సమూహం కాబట్టి రెండో గొలుసుకు పారా స్థానం దొరకదు. అసలు ఫ్రీడెల్, క్రాఫ్ట్స్ చర్యే అటువంటి వలయం మీద జరగదు. అవే పదార్థాలు, అదే వలయం, అదే ఉత్ప్రేరకం ఉన్నా, క్రమం తప్పితే మందు లేదు.

ఐసోబ్యూటైల్ బెంజీన్ నుంచి మందు దాకా రావడానికి బూట్స్ కంపెనీ మొదట అనుసరించిన దారిలో మొత్తం 6 మెట్లు ఉండేవి. వాడిన పదార్థాల బరువులో నూటికి 40 పాళ్లే మందులోకి చేరేవి, తక్కినది వ్యర్థం. 1992లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం బిషప్ పట్టణంలో బూట్స్, హోక్స్ట్ సెలనీస్ సంస్థలు కలిసి రూపొందించిన కొత్త పద్ధతిలో ఫ్యాక్టరీ మొదలైంది. అందులో 3 మెట్లే. అల్యూమినియం క్లోరైడ్ బదులు హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాడి, దాన్ని దాదాపు మొత్తం తిరిగి పట్టుకుని మళ్లీ వాడతారు. తర్వాత హైడ్రోజన్‌తో ఒక చర్య, కార్బన్ మోనాక్సైడ్‌తో ఒక చర్య జరిపితే ఐబూప్రోఫెన్ సిద్ధం. నూటికి 77 పాళ్లు మందులోకే చేరతాయి. పర్యావరణానికి చేసిన ఈ మేలుకు 1997లో అమెరికా ప్రభుత్వ హరిత రసాయన పురస్కారం లభించింది. ప్రతిక్షేపణ అక్కడా అదే, పారా స్థానం అదే. మారినది దాన్ని జరిపించే తీరు. ముడి మందుల కర్మాగారాల పక్కన చెరువులు, బావులు ఏమవుతాయో తెలిసిన తెలుగునాట ఈ మార్పు విలువను వేరుగా వివరించనవసరం లేదు.

ఈ మందు కథలో తెలుగువారికి పెద్ద భాగమే ఉంది. 1970 నాటి భారత పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చాక, మందు అనే వస్తువుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు మిగిలింది. వేరే దారిలో అదే అణువును చేయగల రసాయన శాస్త్రవేత్తకు తలుపులు తెరుచుకున్నాయి. హైదరాబాద్‌లో ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి అనుభవం గడించినవారిలో చాలామంది సొంత సంస్థలు పెట్టారు. వారిలో గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు ఇంట పుట్టి, బొంబాయిలో చదివి, పూనేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేటు పొందిన కల్లం అంజిరెడ్డి ఒకరు. ఆయన 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థకు 1987లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నుంచి వచ్చిన మొట్టమొదటి ఆమోదం ఐబూప్రోఫెన్ ముడి మందుకే. ఐసోబ్యూటైల్ ఎక్కడ ఉండాలో, ఎసిటైల్ ఎక్కడ చేరాలో, ఆర్థో కల్తీ ఎంతకు మించకూడదో ప్రతి బ్యాచ్‌లోనూ రుజువు చేయగల నైపుణ్యం హైదరాబాద్‌లో ఉందని ఆ ఆమోదం ప్రపంచానికి చాటింది.

పారా స్థానం మీద ఇంత పట్టింపు ఎందుకన్న ప్రశ్న సహజం. దెబ్బ తగిలినచోట లేదా కీళ్లలో వాపు ఉన్నచోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది; నొప్పిని పెంచేవి అవే. వాటిని తయారుచేసే ఎంజైమ్‌ను ఆస్పిరిన్ జాతి మందులు అడ్డుకుంటాయని 1971లో ఇంగ్లండ్‌లో జాన్ వేన్ చూపించాడు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ ఎంజైమ్‌లో పొడవైన, ఇరుకైన దారి ఒకటి ఉంటుంది. ఐబూప్రోఫెన్‌లోని ఆమ్ల సమూహం ఆ దారి మొగదల పట్టుకుంటే, ఎదురుగా ఉన్న ఐసోబ్యూటైల్ కొస లోపలికి ఒదిగి దారిని మూసేస్తుంది. రెండు సమూహాలూ ఎదురెదురుగా ఉన్నందువల్లే అణువు నిడుపుగా ఉండి అందులో ఒదుగుతుంది. పక్కపక్కన చేరి ఉంటే ఆ ఆకారమే రాదు.

స్థానం మాట మదనపల్లెకు మరింత దగ్గరది. ఫీనాల్ అనే బెంజీన్ ఉత్పన్నం సోడియం లవణంగా ఉన్నప్పుడు దానికి ఒత్తిడిలో కార్బన్ డై ఆక్సైడ్‌ను చేరిస్తే, ఆర్థో స్థానంలో ప్రతిక్షేపణ జరిగి సాలిసిలిక్ ఆమ్లం వస్తుంది. ఆస్పిరిన్‌కు మూలం అదే. సోడియం బదులు పొటాషియం లవణం తీసుకుని ఎక్కువ వేడిమిలో అదే పని చేస్తే, పారా స్థానంలో చేరుతుంది. అప్పుడు వచ్చే పదార్థం నొప్పి మందుకు పనికిరాదు. ఇక సాలిసిలిక్ ఆమ్లంలోనే ఆమ్ల సమూహానికి ఎదురుగా, పారా స్థానంలో ఒక అమైనో సమూహం ఉంటే అది పాస్ అనే క్షయ మందు అవుతుంది. 1940లలో స్వీడన్‌లో యోర్గెన్ లేమాన్ కనిపెట్టిన ఆ మందు, తర్వాతి దశాబ్దాల్లో క్షయ చికిత్సకు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటిగా నిలిచింది. క్షయ చికిత్స అనగానే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం గుర్తుకు రాక మానదు. 1910లలో మొదలైన అక్కడి శానటోరియం దేశం నలుమూలల నుంచి వచ్చిన రోగులకు ఆశ్రయమిచ్చింది. నొప్పిని తగ్గించే వలయానికీ, క్షయ క్రిమిని ఎదిరించే వలయానికీ మధ్య తేడా ఒక్క స్థానంలో చేరిన ఒక్క సమూహం.

పుంగనూరు వైపు పశువులు పెంచేవారికి కూడా ఇందులో ఒక పాఠం ఉంది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందులో రెండు బెంజీన్ వలయాలు ఒక నైట్రోజన్‌తో కలిసి ఉంటాయి. ఒక వలయంలో ఆ నైట్రోజన్‌కు ఇరుపక్కలా ఉన్న రెండు ఆర్థో స్థానాల్లో క్లోరిన్లు ఉంటాయి. చోటు చాలక రెండు వలయాలూ ఒకే తలంలో ఉండలేక మెలి తిరుగుతాయి. మందు పనిచేయడానికి ఆ మెలిక తోడ్పడుతుంది. మనిషికి మేలుచేసే ఆ మందే పశువులకు ఇచ్చినప్పుడు, చచ్చిన పశువు మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై, అవి గుంపులు గుంపులుగా నశించాయి. కారణం 2004లో రుజువైంది. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. పొట్టిదైన పుంగనూరు ఆవుకైనా, మరే జాతి పశువుకైనా నొప్పి వస్తే రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ వంటి మందు ఉంది. పశువైద్యుణ్ణి అడిగి అదే వాడించాలి.

మనుషులకు కూడా జాగ్రత్త అవసరమే. ఐబూప్రోఫెన్ అడ్డుకొనే ప్రోస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరను, మూత్రపిండాల రక్తప్రసారాన్ని కాపాడే పని కూడా చేస్తాయి. అందువల్ల పరగడుపున మింగడం, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకుండా మింగడం, రోజుల తరబడి సొంతంగా వాడడం కీడు చేస్తాయి. డెంగీ అనుమానమున్న జ్వరంలో దీన్ని వాడకూడదు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా తాకకూడదు. మాత్రను తయారుచేసేవారికి ఎంత శ్రద్ధ ఉండాలో, మింగేవారికీ అంత శ్రద్ధ ఉండాలి.

బెంజీన్‌ను గురించి కూడా ఒక మాట చెప్పుకోవలసి ఉంది. విడి బెంజీన్ రక్త క్యాన్సర్‌కు దారితీయగల విషపదార్థం. అదే వలయం తగిన స్థానాల్లో తగిన సమూహాలను ధరించి వచ్చినప్పుడు శరీరం దానితో వ్యవహరించే తీరే మారిపోతుంది. కాబట్టి ఒక పదార్థం మంచిదా చెడ్డదా అని దాని మూలాన్ని బట్టి చెప్పలేము. దాని నిర్మాణాన్ని బట్టే చెప్పగలం.

చెప్పిన విషయాన్ని మరొక్కసారి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బెంజీన్ వలయం తనను తాను పగలనివ్వదు. ఒక హైడ్రోజన్‌ను వదులుకుని మరో సమూహాన్ని తీసుకుంటుంది. ముందు వచ్చిన సమూహం తర్వాతిదానికి స్థానం చూపిస్తుంది. ఆ స్థానమే మందు అవుతుందా, కాదా అన్నది నిర్ణయిస్తుంది. ఆర్థో, మెటా, పారా అన్న మాటలను వల్లెవేసి మరచిపోయే విద్యార్థి, వాటి మీదే హైదరాబాద్ ముడి మందుల పరిశ్రమ నిలబడిందని, వాటి మీదే నొప్పి తగ్గడం ఆధారపడిందని గ్రహిస్తే, ఆ పాఠాన్ని ఇష్టంగా చదువుతాడు. తక్కువ వ్యర్థంతో, నీటిని పాడుచేయకుండా, సరైన స్థానంలో సరైన సమూహాన్ని చేర్చే కొత్త దారులు ఇంకా కనుగొనవలసే ఉన్నాయి. ఆ పని చేయగలవారు మదనపల్లె, పుంగనూరు, కుప్పం కళాశాలల బెంచీల మీద ఇప్పుడు తప్పక ఉన్నారు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు వారికి ప్రయోగశాల తలుపులు తెరిచి ఉంచాలి.